చెక్కు బదులు కోడె: అమెరికా పశువుల రైతుల విరాళంలో మనం చూడాల్సింది

మొంటానా రాష్ట్రంలో చలి మొదలయ్యే ముందు పశువుల రైతులు దూడలను తల్లుల నుంచి వేరు చేసి అమ్మకానికి తోలతారు. కొందరు మాత్రం ఆ మందలో ఒకదాన్ని అమ్మరు. ట్రైలర్ ఎక్కించి బోజ్‌మన్‌లో ఉన్న మొంటానా స్టేట్ యూనివర్సిటీకి ఇచ్చేస్తారు. విత్తులు కొట్టించిన ఆ కోడెను చలికాలమంతా విద్యార్థులే మేపుతారు, తూకం వేస్తారు, జబ్బు చేస్తే కనిపెట్టుకుని ఉంటారు. బాగా బలిశాక మాంసానికి అమ్ముతారు. ఆ డబ్బు వ్యవసాయ కళాశాల విద్యార్థుల కార్యక్రమాలకు, పోటీలకు, ప్రయాణాలకు ఖర్చవుతుంది. దీన్ని స్టీర్ ఎ ఇయర్ అంటారు, ఏడాదికో కోడె అన్నమాట. పక్కనే ఉన్న ఐడహో యూనివర్సిటీలోనూ ఇదే పేరుతో ఇలాంటి కార్యక్రమం ఉంది.

విశ్వవిద్యాలయానికి విరాళం అంటే మనకు గుర్తొచ్చేవి భవనం మీద దాత పేరు, తల్లిదండ్రుల జ్ఞాపకార్థం బంగారు పతకం, కెమెరా ముందు అందించే చెక్కు. వాటి పక్కన ఒక కోడె చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ విద్యార్థులకు సాయపడే దారుల్లో ఇంత ఆలోచనతో కూడినది నాకు మరొకటి కనిపించలేదు. మన వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు దీన్ని శ్రద్ధగా చూడాలి.

ముందు లెక్క చూద్దాం. తల్లి పాలు మాన్పించిన కోడె సుమారు 250 కిలోలు ఉంటుంది. ఎండుగడ్డి, సైలేజ్ (పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేత), బార్లీ, మొక్కజొన్న లాంటి దాణాతో రోజుకు కిలోన్నర దాకా పెరుగుతుంది. ఏడెనిమిది నెలల్లో 600 కిలోల దగ్గరికి వస్తుంది. 2025లో అమెరికాలో పశువుల ధరలు రికార్డు స్థాయికి చేరినప్పుడు అలాంటి కోడె 3,000 డాలర్లకు పైనే పలికింది. అయితే ఆ ధరలో పెద్ద భాగం, అంటే 2,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ, దూడను దించిన రోజే ఉంది. మేపినందుకు పెరిగిన విలువలో చాలావరకు దాణా ఖర్చుకే పోతుంది. కాబట్టి అసలు విరాళం ఆ దూడే. మేపడం వల్ల మిగిలేది కొద్దిపాటి లాభం, అంతకంటే ఎంతో విలువైన చదువు.

ఆ చదువు ఎలాంటిదంటే, ఏ దాణా ఎంత కలపాలో విద్యార్థులు కాగితం మీద లెక్కకట్టి ఊరుకోవడానికి ఉండదు. తప్పు కలిపితే పశువు కడుపు ఉబ్బుతుంది, తూకం ఆగిపోతుంది. దాణా ధర పెరిగితే లాభం కళ్లముందే కరిగిపోతుంది. కోసిన తర్వాత మాంసం ఎంత దిగింది, వీపు మీద కొవ్వు ఎంత మందం, కండలో సన్నని కొవ్వు చారలు ఎలా ఉన్నాయి, మాంసం నాణ్యతను చెప్పే ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ గ్రేడుల్లో ఏది వచ్చింది అని నమోదు చేస్తారు.

ఈ లెక్కలు తిరిగి దాతకు చేరతాయి. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. మామూలుగా దూడలు పుట్టించి అమ్మే రైతుకు, ఆ దూడ ఎక్కడో ఫీడ్‌లాట్‌లో, అంటే దాణా పెట్టి పశువులను బలిపించే దొడ్డిలో, ఎలా పెరిగిందో, చివరికి మాంసం ఎలా దిగిందో తెలిసే అవకాశం చాలా తక్కువ. చేతులు మారిన దగ్గరే కథ ఆగిపోతుంది. విశ్వవిద్యాలయానికి ఇచ్చిన దూడ విషయంలో అలా కాదు. తన ఆబోతు సంతానం రోజుకు ఎంత పెరుగుతోందో, పొరుగు రైతుల దూడల పక్కన ఎక్కడ నిలిచిందో రైతుకు తెలుస్తుంది. వచ్చే ఏడాది ఏ ఆబోతును కొనాలన్న నిర్ణయానికి అది పనికొస్తుంది. దాత కూడా విద్యార్థితో పాటు నేర్చుకునే విరాళాలు లోకంలో ఎన్ని ఉన్నాయి?

ఇక డబ్బు వెళ్లే చోటు. స్కాలర్‌షిప్ అంటే అందరికీ అర్థమవుతుంది. పోటీలకు, ప్రయాణాలకు డబ్బు ఎందుకని కొందరు అడుగుతారు. అమెరికా వ్యవసాయ కళాశాలల్లో పశువులను అంచనా వేసే పోటీ జట్లు ఉంటాయి. జనవరిలో డెన్వర్‌లో, మార్చిలో హ్యూస్టన్‌లో, నవంబర్‌లో లూయీవిల్‌లో పెద్ద పోటీలు జరుగుతాయి. నాలుగేసి పశువులను చూసి, వాటికి వరుస క్రమం పెట్టి, ఎందుకలా పెట్టారో కాగితం చూడకుండా రెండు నిమిషాల్లో న్యాయనిర్ణేతకు చెప్పాలి. పల్లె నుంచి వచ్చి నలుగురిలో నోరు విప్పడానికి భయపడే కుర్రాడు, అమ్మాయి ఇక్కడ మాట్లాడటం నేర్చుకుంటారు. ఉద్యోగాలిచ్చేవాళ్లు వాళ్లను చూసేదీ ఇలాంటి చోట్లే. ఫీజు కట్టగలిగినా ఈ ప్రయాణాల ఖర్చు భరించలేని విద్యార్థులు ఎక్కడైనా ఉంటారు. బడ్జెట్ తగ్గితే విశ్వవిద్యాలయాలు మొదట కోసేది కూడా దీన్నే.

రైతు వైపు నుంచి పన్ను సంగతీ ఉంది. అక్కడి రైతు తాను పెంచిన పశువును అమ్మి డబ్బు ఇస్తే, ఆ అమ్మకం తన ఆదాయంలో చేరుతుంది, దాని మీద పన్ను కట్టాలి. పశువునే ఇచ్చేస్తే ఆ ఆదాయం అతని లెక్కలోకి రాదు. అమ్మకానికి ముందే పశువు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లాలన్నది షరతు. ఈ వెసులుబాటు ఉంది కాబట్టి దానం చిన్నదైపోదు. బ్యాంకులో నగదు తక్కువగా ఉండి, మందలో పశువులున్న రైతుకు తన దగ్గర ఉన్న రూపంలోనే ఇచ్చే వీలు కలుగుతోంది.

పశువులతో చదువుకు డబ్బు పోగుచేసే దారి అమెరికాలో ఇంకొకటి ఉంది, వేలం. 1932లో మొదలైన హ్యూస్టన్ పశువుల ప్రదర్శనలో 2022లో గ్రాండ్ ఛాంపియన్ కోడె 10 లక్షల డాలర్లు పలికింది. అది మాంసం ధర కాదని అక్కడ అందరికీ తెలుసు. మన బాలాపూర్ లడ్డూ వేలం తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. పాడేవాళ్లు పరువుకూ, ఊరి మేలుకూ కలిపి పాడతారు. హ్యూస్టన్‌లో అలా వచ్చిన డబ్బులో పెంచిన పిల్లలకు నిర్ణయించిన వాటా పోగా మిగతాది స్కాలర్‌షిప్పులకు చేరుతుంది. నాకు మాత్రం మొంటానా పద్ధతే మేలనిపిస్తుంది. వేలం నిలబడాలంటే ధనవంతులు కావాలి. ఏడాదికో కోడె నిలబడటానికి నూరు ఆవులున్న మామూలు రైతు చాలు.

లోపాలు లేవని కాదు. పశువుల ధర పడిపోతే విద్యార్థుల నిధి కూడా పడిపోతుంది. ఇప్పుడు ధరలు బాగున్నాయి, కానీ అందుకు కారణం అమెరికాలో పశువుల సంఖ్య 1951 తర్వాత ఎన్నడూ లేనంతగా తగ్గడమే. కరువులో మందలు అమ్ముకున్న రైతు దగ్గర ఒక్క దూడ ఎంతో విలువైనది, దాన్ని ఇవ్వమని అడగడం కష్టం. అందుకే నాలుగేళ్ల ఫీజు మాట ఇచ్చే స్కాలర్‌షిప్‌ను ఇలాంటి ఆదాయం మీద నిలబెట్టకూడదు. దానికి శాశ్వత నిధి, దాని మీద వచ్చే వడ్డీ ఉండాలి. ఏటా పెంచుకోగలిగినవి, తగ్గించుకోగలిగినవి అయిన పోటీలు, యాత్రలు, చిన్న సాయాలు కోడెల డబ్బుతో నడవాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కింద భూములు పొంది పుట్టిన విశ్వవిద్యాలయాలివి. ఆ భూములు సుమారు కోటీ ఏడు లక్షల ఎకరాలు, దాదాపు 250 మూలవాసీ తెగల నుంచి తీసుకున్నవని 2020లో ఒక పరిశోధనాత్మక కథనం బయటపెట్టింది. ఈ రోజు దూడను ఇస్తున్న రైతు మంచితనం నిజమైనదే. ఆ విశ్వవిద్యాలయాల తొలి పెట్టుబడి ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నదీ నిజమే. స్కాలర్‌షిప్పులు పంచేటప్పుడు ఆ తెగల పిల్లలు ముందు వరుసలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ విశ్వవిద్యాలయాల నమూనా మనకు కొత్త కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ చేయూతనిచ్చింది. బోధన, పరిశోధన, విస్తరణ (పరిశోధనను రైతు దగ్గరికి చేర్చడం) మూడూ ఒకే గొడుగు కిందికి తెచ్చే పద్ధతి అలా వచ్చింది. ఇది నా విశ్వవిద్యాలయం అని రైతు తన మందలోంచి ఒకదాన్ని తెచ్చి ఇచ్చే బంధం మాత్రం రాలేదు. మన దగ్గర శాస్త్రవేత్త రైతుకు చెబుతాడు, రైతు వింటాడు.

అక్కడి పద్ధతిని ఇక్కడికి ఉన్నదున్నట్టు తేలేం. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, దాని వెనక ప్రజల విశ్వాసమూ ఉంది. పశువును దానం చేసే అలవాటుకు మనకు కొదవ లేదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు తరతరాలుగా ఉన్నదే. కానీ 2025 వేసవిలో తిప్పాపూర్ గోశాలలో కోడెలు వరుసగా చనిపోయినప్పుడు, అక్కడ చోటుకు మించి పశువులున్నాయన్న సంగతి అందరి దృష్టికీ వచ్చింది. ఇచ్చిన పశువుకు మేత, చోటు, చూసే మనిషి ముందే సిద్ధంగా లేకపోతే భక్తితో ఇచ్చిందీ బాధగానే మిగులుతుంది.

మనకు సరిపోయేది గొర్రె. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 7.4 కోట్ల గొర్రెల్లో తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దాదాపు సగం మన దగ్గరే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమో, హైదరాబాద్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయమో ఒక కళాశాలలో దీన్ని మొదలుపెట్టవచ్చు. పెంపకందార్లు పాలు మానిన పొట్టేలు పిల్లను తలా ఒకటి ఇస్తారు. విద్యార్థులు మూణ్నాలుగు నెలలు కొట్టంలో మేపి, తూకాలు రాసి, ధర బాగున్న పండుగ ముందు అమ్ముతారు. అంత పెద్దగా డబ్బు రాకపోవచ్చు. హాస్టల్ మెస్ బిల్లు కట్టలేక టెన్షన్ పడే కొందరికి, పోటీలకు వెళ్లాల్సిన ఒక జట్టుకు సరిపోతుంది.

దాణాకు, టీకాలకు తొలి ఏడాది విశ్వవిద్యాలయం తన బడ్జెట్‌లోంచి ఇవ్వాలి. జమాఖర్చులు ఏటా గోడ మీద అంటించాలి. పిల్లను ఇచ్చిన ప్రతి గొర్రెల కాపరికీ దాని తూకం ఎంత పెరిగిందో, ఏ రోగం వచ్చిందో, ఎంతకు అమ్ముడైందో, ఆ డబ్బు ఎవరి చదువుకు పోయిందో తెలుగులో రాసి ఇవ్వాలి. చదవలేని వారికి విద్యార్థే వెళ్లి చెప్పాలి. ఈ చివరి పని జరగకపోతే రెండో ఏడాది ఎవరూ పిల్లను ఇవ్వరు.