చిరునవ్వు జతచేయడమైనది

ప్రజల నమ్మకం చూరగొనడానికి పోలీసు శాఖ ఈ మధ్య సోషల్ మీడియాలో హాస్యరసాన్ని ఆశ్రయించింది. హెల్మెట్టు పెట్టుకోమనడానికి ఒక సినిమా హీరో బొమ్మ, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనడానికి ఒక హాస్యనటుడి ముఖం, కింద ప్రాస కుదిరిన ఓ పంచ్ డైలాగు. ఇంతగా నవ్వించే శాఖను కూడా నమ్మలేకపోతున్నామంటే లోపం మనలోనే ఉండాలి.

జవాబులిచ్చే వేగమూ మెచ్చుకోదగ్గదే. "నా మనసు ఎవరో దొంగిలించారు, కేసు పెట్టుకుంటారా?" అని అర్ధరాత్రి ఒక ఆకతాయి అడిగితే, "మనసు సంగతి మాకు తెలియదు, బండి పోతే చెప్పండి" అని నిమిషంలో సమాధానం వస్తుంది. ఆ మాట నమ్మి, నిజంగానే బండి పోయిన అమాయకుడు స్టేషనుకు వెళతాడు. ఎస్.ఐ. గారు బందోబస్తుకు వెళ్ళి ఉంటారు, రైటరు ఇప్పుడే బయటికి వెళ్ళి ఉంటాడు, మిగిలిన ఒక్కాయన తెల్లకాగితం కొనుక్కురమ్మని, తెచ్చాక "దొంగిలించారు" అని కాకుండా "కనిపించుట లేదు" అని రాయమని, రాశాక బండి పోయిన చోటు రోడ్డుకు అవతలి వైపు కాబట్టి పక్క స్టేషను పరిధిలోకి వస్తుందని సెలవిస్తాడు. పక్క స్టేషనులో ఆయన ఇంకా నిశితంగా ఆలోచించి, పోయేటప్పుడు బండి ఏ వైపు తిరిగి ఉందని అడుగుతాడు. ఆయన వెనక గోడ మీద "మీ సేవలో మేము" అన్న బోర్డు ఉంటుంది.

చట్టం రాసినవారికి హాస్యం పాలు తక్కువ. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలని 193వ సెక్షను చెబుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెలిపినా చాలునట, అంటే మీములు పంపే ఫోనే ఇందుకూ పనికొస్తుంది.

ఇక నవ్వలేను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతి కనిపించకుండా పోయిన రాత్రి, పరిధి పేరు చెప్పి తమను స్టేషన్ల చుట్టూ తిప్పారని ఆమె కుటుంబం వాపోయింది. తెల్లవారాక ఆమె కాలిన శరీరం దొరికింది. జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. బిడ్డ కోసం వచ్చిన తల్లిదండ్రులకు సరిహద్దు పాఠం చెప్పే శాఖకు ప్రజలతో స్నేహం గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది? ప్రాసలు కుదిర్చేవాళ్ళలో ఒక్కరినైనా రాత్రిపూట స్టేషనులో కూర్చోబెట్టండి. ఫిర్యాదు రాసుకోవడానికి కాగితాలు కూడా మీరే కొనండి.