రెండో స్థానం ఎవరిచ్చారు? ఒక పోస్టర్ మీద అభ్యంతరాలు

ఆకుపచ్చ నేపథ్యం, మధ్యలో చొక్కా తొడుక్కుని చెమటలు కారుస్తున్న భూగోళం, పక్కన హ్యాంగరుకు మొలిచిన ఆకు. సుస్థిర ఫ్యాషన్ గురించి పోస్టర్ చేయమని ఎవరికి పని అప్పగించినా దాదాపు ఇలాంటిదే తయారవుతుంది. బొమ్మ కాస్త మారినా కింది రాత మారదు. అవే ఐదు వాక్యాలు ఏళ్ల తరబడి ఒక పోస్టర్ నుంచి ఇంకో పోస్టర్‌కు ఎక్కుతున్నాయి: ప్రపంచంలో కాలుష్యం చేసే పరిశ్రమల్లో ఫ్యాషన్‌ది రెండో స్థానం, దాని ఉద్గారాలు విమానాలు, ఓడలు అన్నీ కలిపినదానికంటే ఎక్కువ, ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి, సముద్రంలోని ప్లాస్టిక్‌లో 35 శాతం బట్టల నుంచి వచ్చిందే, కాబట్టి నూలు బట్టలు కొనండి, పాతవి దానం చేయండి.

పోస్టర్ వేసేవారి ఉద్దేశంతో నాకు పేచీ లేదు. బట్టల పరిశ్రమ చేస్తున్న నష్టం నిజం. పేచీ ఈ వాక్యాలతోనే. మొదటిదానికి తలా తోకా లేదు. తర్వాతి మూడూ ఒకప్పుడు ఆధారమున్న వాక్యాలే. పోస్టర్‌లో చోటు చాలక ఎవరో ఒక్కో మాట కత్తిరించారు. కత్తిరింపుకు పోయింది సరిగ్గా ఉండాల్సిన మాటే.

“ఫ్యాషన్‌ది రెండో స్థానం.” 2018 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ మాట పుట్టుక వెతుక్కుంటూ వెళ్లింది. ఒకరు ఇంకొకరిని చూపించారు, వారు మరొకరిని చూపించారు. ఈ మాటను నిలబెట్టే అధ్యయనం మాత్రం దొరకలేదు. దొరకడం కష్టం కూడా. కాలుష్యం అంటే దేన్ని కొలిచినట్టు? గాలిలోకి పోయే వాయువులనా, నదిలో కలిసే రంగునీళ్లనా, పొలంలో చల్లే పురుగుమందునా? వీటన్నిటినీ కూడి మార్కులు వేసి ర్యాంకులు ఇవ్వడానికి ఉమ్మడి కొలమానమే లేదు. పోనీ, గ్రీన్‌హౌస్ వాయువుల వరకే చూద్దామన్నా విద్యుత్తు, రవాణా, వ్యవసాయం ఎంతో ముందున్నాయి. ఉక్కు, సిమెంటు ఒక్కొక్కటి ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 శాతానికి కారణం. మరి ఫ్యాషన్ వాటా? వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2021లో వేసిన అంచనా సుమారు 2 శాతం. సలహా కంపెనీ మెకిన్సీ, ఫ్యాషన్ రంగ సంస్థ గ్లోబల్ ఫ్యాషన్ అజెండా కలిసి 2020లో వేసినది సుమారు 4 శాతం. పర్యావరణ సలహా సంస్థ క్వాంటిస్ 2018లో చెప్పులు, బూట్లు కూడా కలిపి 8 శాతం అంది. ఇంత తేడా ఎందుకంటే, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నది ఒక్కొక్కరి లెక్కలో ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో ఉతకడం, ఇస్త్రీ చేయడం కలిపితే ఒక అంకె, వదిలేస్తే ఇంకో అంకె. ఏ లెక్క తీసుకున్నా రెండో స్థానం రాదు.

ఇక్కడ పోస్టర్ వేసేవారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. మెకిన్సీ లెక్కలో ఉద్గారాల్లో దాదాపు 70 శాతం బట్ట దుకాణానికి చేరకముందే వెలువడుతుంది: దారం తీయడంలో, నేయడంలో, ముఖ్యంగా రంగులద్దే మిల్లులో నీళ్లు మరిగించడంలో. చాలాచోట్ల ఆ బాయిలర్ బొగ్గుతో నడుస్తుంది. చెమట కారుస్తున్న భూగోళం బదులు ఆ బాయిలర్ బొమ్మ వేసి చూడండి. చూసినవారికి తప్పు ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది, కంపెనీని ఏమని అడగాలో కూడా తెలుస్తుంది.

“విమానాలు, ఓడలు అన్నీ కలిపినదానికంటే ఎక్కువ.” ఇక్కడ పోయిన మాట ‘అంతర్జాతీయ’. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017 నివేదికలో వస్త్రాల తయారీ ఉద్గారాలు ఏటా 120 కోట్ల టన్నులని, అవి అంతర్జాతీయ విమానాలు, సముద్ర రవాణా కలిపినదానికంటే ఎక్కువని ఉంది. దేశాల లోపల తిరిగే విమానాలు ఆ పోలికలో లేవు. పోస్టర్‌లో ‘అన్నీ’ అయ్యేసరికి పోలిక తలకిందులైంది. విమానయానం మొత్తం సుమారు 2.5 శాతం, ఓడలు సుమారు 3 శాతం కార్బన్ డయాక్సైడ్‌కు కారణం. పైన చెప్పిన 2, 4 శాతాలు ఈ మొత్తాన్ని దాటవు. దాటేది చెప్పులు, బూట్లు కూడా కలిపిన 8 శాతం ఒక్కటే.

“ఒక టీషర్టుకు 2,700 లీటర్లు.” అన్నిటికంటే ఎక్కువ తిరిగే అంకె ఇదే. పక్కన ఒక మనిషి రెండున్నరేళ్లు తాగే నీళ్లన్న వ్యాఖ్య కూడా తప్పకుండా ఉంటుంది. ఇక్కడ మాయమైంది ‘వాన’. ఈ లెక్క నీటి పాదముద్రది, అంటే ఒక వస్తువు తయారీకి మొదటి నుంచి చివరి దాకా పట్టే మొత్తం నీటిది. అందులో పత్తి చేను మీద పడ్డ వాన నీరు, కాలువ నుంచో బోరు నుంచో పారించిన నీరు, కాలుష్యాన్ని పలచబరచడానికి కావాల్సిన నీరు మూడూ కలిసి ఉంటాయి. ప్రపంచ సగటులో చెప్పుకోదగ్గ వాటా వానది. చేలో కురిసిన ఆ వానను ఎవరి బిందెలోంచీ తీయలేదు. అంతర్జాతీయ పత్తి సలహా మండలి లెక్క ప్రకారం కిలో దూదికి సగటున 1,931 లీటర్ల సాగునీరు, 6,003 లీటర్ల వాన నీరు పడుతుంది. అయినా సగటును నమ్ముకుని అసలు బాధను మరచిపోకూడదు. వాన పడే నేలలో పత్తికి కాలువ నీరు దాదాపు అక్కర్లేదు. ఎడారి అంచున అదే పైరు నదిని మింగేస్తుంది. మధ్య ఆసియాలో అరల్ సముద్రం చాలావరకు ఎండిపోయింది ముఖ్యంగా పత్తి కోసం దాని నదులను మళ్లించడం వల్లే. అరల్ పాత తీరం, ఇప్పటి తీరం పక్కపక్కన పెట్టిన పటం ఒక్కటి చాలు. అక్కడ 2,700 అంకెతో పని లేదు.

“సముద్రంలోని ప్లాస్టిక్‌లో 35 శాతం.” ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ 2017 నివేదికలోది ఈ అంకె. అక్కడున్నది ప్రాథమిక సూక్ష్మ ప్లాస్టిక్, అంటే సముద్రంలో చేరేటప్పటికే నలుసులుగా ఉన్నది. అందులో సుమారు 35 శాతం కృత్రిమ బట్టలు ఉతకడం వల్ల వస్తుందని అంచనా. సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో ఆ ప్రాథమిక నలుసులే 15 నుంచి 31 శాతమని అదే నివేదిక. రెండూ గుణించి చూస్తే బట్టల వాటా 5 నుంచి 11 శాతం మధ్య తేలుతుంది. అదీ తక్కువేమీ కాదు.

“నూలు కొనండి, పాతవి దానం చేయండి.” అలమరాలో ఉన్న పాలిస్టర్ చొక్కా తీసి పడేసి కొత్త నూలు చొక్కా కొనడం ఏ లెక్కన పొదుపు? దానం సంగతి ఘనాలోని కంటమాంటో అంగడిని, చిలీలోని అటకామా ఎడారిని అడగాలి. ధనిక దేశాలు వదిలించుకున్న బట్టల మూటలు అంగడిలో విప్పాక అమ్ముడుపోనివి చెత్తకుప్పకు పోతాయి, ఎడారిలో గుట్టలుగా పడి ఉంటాయి. ఇచ్చేది ఎవరైనా మళ్లీ తొడుక్కునేలా ఉండాలన్న షరతు లేకుండా దానం చేయమనడం, చెత్తబుట్టను ఇంకో దేశానికి జరపమనడమే.

అంకె కాస్త అటూ ఇటూ అయితే ఏం, జనం ఆగి చూస్తే చాలదా అని అడిగేవారున్నారు. ఆగి చూసినవారిలో ఒకరు ఫోనులో వెతుకుతారు. తప్పని తేలుతుంది. దాంతో బొగ్గు బాయిలర్ గురించి, అరల్ గురించి చెప్పిన నిజం కూడా అదే గాటన కట్టేస్తారు. అందుకు అందరికంటే ఎక్కువ సంతోషించేది ఆ బాయిలర్ నడిపే కంపెనీయే. ఈ ఆట అవతలివారికీ వచ్చు. సేంద్రియ పత్తి సంచిని 20,000 సార్లు వాడితేగానీ ప్లాస్టిక్ సంచికి సాటిరాదని డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 అధ్యయనాన్ని ప్లాస్టిక్ పక్షం వారు చూపిస్తుంటారు. అది ఓజోన్ పొరకు జరిగే నష్టాన్ని కొలిచే సూచికలో వచ్చిన అంకె. వాతావరణ మార్పు వరకే చూస్తే అదే అధ్యయనంలో 149 సార్లు. వారి కత్తెరను తప్పుపట్టాలంటే ముందు మన కత్తెర పక్కన పెట్టాలి.

మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని డిజైనర్ల మోటు లెక్క. ఆ సైజులో మామూలు పోస్టర్ మీద పది, పదిహేను మాటలకు మించి పట్టవు. ‘అంతర్జాతీయ’, ‘ప్రాథమిక’ లాంటివి తెగిపడేది ఇక్కడే. కాబట్టి వివరణ లేకపోతే అబద్ధమైపోయే అంకెను అసలు ఎంచుకోకూడదు. నేనైతే గుండీ ఊడిన చొక్కా ముంజేతిని దగ్గరగా చూపించి, పక్కన దారం ఎక్కించిన సూది పెట్టి, “గుండీ ఊడింది. చొక్కా బాగానే ఉంది” అని రాస్తాను. బట్టను ఇంకో తొమ్మిది నెలలు వాడితే దాని కార్బన్, నీరు, చెత్త భారం 20 నుంచి 30 శాతం తగ్గుతుందన్న బ్రిటన్ సంస్థ ర్యాప్ అంచనాను అడుగున చిన్న అక్షరాల్లో, సంస్థ పేరుతో, అది బ్రిటన్ లెక్కన్న మాటతో సహా ఇస్తాను. ఇక దాన్ని ఫ్లెక్సీ మీద మాత్రం అచ్చు వేయించకండి. ఫ్లెక్సీ అంటే పీవీసీ ప్లాస్టిక్. కాగితం చాలు, ఒకే రంగు సిరాతో.