డార్క్ మోటివ్స్, త్రీ డైమెన్షన్స్: రెండూ ఒకటి కాదు

అమెరికన్ నేరపరిశోధన టీవీ సీరియల్ సీఎస్ఐ మీద వచ్చిన డార్క్ మోటివ్స్ (2004), త్రీ డైమెన్షన్స్ ఆఫ్ మర్డర్ (2006) కంప్యూటర్ గేములు రెండూ ఒకటే అన్నట్టు ఒక వ్యాసంలో ఒకే గాటన కట్టేశారు. రెండింటికీ ప్రచురణ యూబీసాఫ్ట్‌దే, రెండింట్లోనూ 5 కేసులే. కానీ మొదటిది తయారుచేసింది 369 ఇంటరాక్టివ్, రెండోది టెల్‌టేల్. తేడా అక్కడే మొదలవుతుంది.

డార్క్ మోటివ్స్‌లో ముందే గీసిపెట్టిన దృశ్యాలు. కర్సర్‌తో మూలమూలా తడమాలి, చిన్న వెంట్రుక వదిలేసినా కేసు అక్కడే ఆగిపోతుంది. త్రీ డైమెన్షన్స్‌లో వస్తువును తిప్పి అడుగుభాగం కూడా చూడాలి, చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. అందులో నాకు బాగా నచ్చింది నిందితుడు, బాధితుడు, నేరస్థలం అనే త్రికోణం: మూడు వైపులా సాక్ష్యం కలవాలి. గేములోని పోలీసు అధికారి బ్రాస్ దగ్గర వారెంట్ అడిగే ముందు ల్యాబ్ పని పూర్తి చేసుకోండి. సలహా అడిగితే మార్కులు తగ్గుతాయి, కాబట్టి అది చివరి దారి.

రక్తపు మరకలు కనిపెట్టడానికి చల్లే రసాయనం లూమినాల్ మెరిస్తే రక్తమే అని గేము నమ్మిస్తుంది. నిజానికి బ్లీచింగ్‌కీ, రాగికీ కూడా మెరుస్తుంది. డీఎన్ఏ ఫలితమూ అంతే, క్షణాల్లో వచ్చేస్తుంది! మన విశాఖ ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌లోనే కాదు, ఎక్కడా అలా రాదు.

విశాఖలో జగదాంబ వైపు ఈ గేముల పాత డిస్కు దొరికితే కొనేముందు ఒకటి చూసుకోండి: సేఫ్‌డిస్క్ లాంటి పాత కాపీ రక్షణ ఉన్న డిస్కులు విండోస్ 10లో తెరుచుకోవు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ ఉంటే గొడవ లేదు. సముద్రపు తేమకు డిస్కు మీద బూజు పట్టిందేమో వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి.