ఆడిన ఆటకు ఆనవాలు ఉండాలి

బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ మ్యాచ్ జరుగుతున్నంతసేపూ మైదానం పక్కన ఒకరు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఉంటాయి: బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక బంతిని అందుకునే క్యాచర్ 2, పరుగుకు బ్యాటర్ మొదట చేరాల్సిన చోటైన మొదటి బేస్‌ను కాచే అమ్మాయి 3, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. కాగితంపై 6-3 అని పడిందంటే షార్ట్‌స్టాప్ బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసిరిందనీ, బ్యాటర్ ఔటైందనీ అర్థం. ఏడు ఇన్నింగ్స్‌లలో ఎవరు ఏం చేశారో ఆ ఒక్క స్కోరుషీటు చూసి ఎన్నేళ్ల తర్వాతైనా చెప్పవచ్చు. ఇంత పద్ధతిగా లెక్క రాసుకునే ఆటలో, తిరుపతి విశ్వవిద్యాలయాల తరఫున ఆడిన అమ్మాయిల చరిత్ర మాత్రం జ్ఞాపకాలకే వదిలేయడం తగదని మేము భావిస్తున్నాం.

ఈ ఆట 1887లో షికాగోలో ఒక వ్యాయామశాల నాలుగు గోడల మధ్య మగవాళ్ల కాలక్షేపంగా పుట్టింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో బాలికల జట్టు ఏర్పడింది. మహిళల తొలి ప్రపంచ పోటీలు 1965లో మెల్‌బోర్న్‌లో జరిగితే, పురుషుల పోటీలు మరుసటి ఏడాదికి గానీ రాలేదు. 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టినప్పుడూ అది మహిళల క్రీడగానే వచ్చింది. ఆడవాళ్లు ముందు నడిచి దారి వేసిన ఆటలు ప్రపంచంలో ఎన్నో లేవు. దీని చరిత్ర రాయడమంటే ప్రధానంగా స్త్రీల చరిత్ర రాయడమే.

అమెరికా విశ్వవిద్యాలయాలు ఆ పని శ్రద్ధగా చేశాయి. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధిస్తూ 1972లో అక్కడ చట్టం వచ్చాక కళాశాలల మహిళా జట్లకు మైదానాలూ నిధులూ పెరిగాయి. జాతీయ కళాశాలల క్రీడా సంఘం 1982లో తన తొలి మహిళల సాఫ్ట్‌బాల్ టైటిల్ పోటీలు నిర్వహించినప్పుడు తుదిపోరులో ఫ్రెస్నో స్టేట్ జట్టును ఓడించి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గెలిచింది. ఆ మ్యాచ్‌లో బంతి విసిరింది ఎవరో, పరుగు తెచ్చింది ఎవరో ఈనాటికీ వెతికి చూసుకోవచ్చు. డబ్బు వల్లే అది సాధ్యమైందంటే మేము పూర్తిగా ఒప్పుకోం. స్కోరుషీటును జాగ్రత్తగా ఫైలులో పెట్టడానికి కావలసింది శ్రద్ధ.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లోనూ ఏర్పడ్డాయి. పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచి బస్సెక్కి చదువుకు వచ్చే ఆడపిల్లలకు ఈ ఊరే మొదటి నగరం. ఇంటర్ దాకా కబడ్డీ, ఖోఖో తప్ప మరో ఆట ఎరుగని పిల్ల ఇక్కడికి వచ్చాకే ఎడమచేతికి గ్లౌజు తొడిగి చూసుకోవడం అరుదేమీ కాదు. పిచర్ చేతిని భుజం మీదుగా గుండ్రంగా తిప్పి, నడుము పక్కనుంచి బంతిని వదలాలి. బ్యాటర్ దాకా ఉన్న 13.11 మీటర్ల దూరాన్ని ఆ బంతి అరసెకను లోపే దాటగలదు. మణికట్టు ఎప్పుడు విదల్చాలో, ఏ కాలు ముందుకు వేయాలో సీనియర్ పక్కన నిలబడి చూపిస్తేనే వస్తుంది. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు. నేర్చుకున్న అమ్మాయి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే ఆ విద్య కూడా ఆమెతోపాటే గేటు దాటుతుంది. ఏటా ఎంపిక పోటీలప్పుడు జట్టు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుకాకుండా కాపాడేది ముందటి బ్యాచ్‌ల చరిత్రే. మా కళాశాల అమ్మాయిలు ఫలానా ఏడాది అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లి వచ్చారని తెలిసిన పిల్ల గ్లౌజు పట్టుకునే తీరే వేరు. ఆడపిల్లకు ఆటలెందుకని అడిగే ఇంట్లో ఆమె చూపించుకోగలిగే ఆధారం కూడా అదే.

రాసి దాచుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. పల్లవ రాణి సామవై వెయ్యేళ్ల కిందట తిరుమల శ్రీవారికి భోగ శ్రీనివాసుని వెండి విగ్రహం సమర్పించిందనీ, నైవేద్యాలకు భూమి రాసిచ్చిందనీ ఈనాడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే, ఎవరో ఆమె పేరును ఆలయం గోడ మీద రాతిలో చెక్కబట్టే. ఒక స్త్రీ చేసిన పనిని పేరుతో సహా నిలబెట్టిన ఈ గడ్డ మీద, తన విశ్వవిద్యాలయం తరఫున ఎండలో నిలబడి ఆడిన అమ్మాయి పేరుకు రెండు పేజీల చోటు దొరకకపోవడం మాకు బాధ కలిగిస్తుంది.

అంతర్జాతీయంగానూ ఇది తగిన సమయం. 2005లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సింగపూర్ సమావేశంలో సాఫ్ట్‌బాల్‌కు అనుకూలంగా 52, వ్యతిరేకంగా 52 ఓట్లు పడి, ఆధిక్యం దక్కక ఆ ఆట లండన్ ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది. టోక్యోలో ఒకసారి కనిపించి, పారిస్‌లో లేకుండా పోయి, 2028లో లాస్ ఏంజెలిస్ క్రీడలతో తిరిగి వస్తోంది. అప్పుడు టీవీలో ఆట చూసి మైదానానికి పరుగెత్తుకొచ్చే పిల్లలకు మన ఊరి ఆటగత్తెల గురించీ చెప్పాలి.

విశ్వవిద్యాలయాల వ్యాయామ విద్యా విభాగాలు ఇందుకు పెద్ద ప్రణాళికలు వేయనక్కర లేదు. తొలినాళ్ల జట్లలో ఆడినవారిలో కొందరు ఇప్పుడు మనవలను ఎత్తుకునే వయసుకు దగ్గరపడి ఉంటారు. వారి ఇళ్లలో పెట్టెల అడుగున జట్టు ఫొటోలు, పోటీల ధ్రువపత్రాలు, రంగు వెలిసిన జెర్సీలు దొరకవచ్చు. వారిని పిలిపించి, మాట్లాడించి, ప్రతి ఏడాది జట్టు జాబితానూ స్కోరుషీట్లనూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక అరలో పెట్టించాలి. ఈసారి ఎంపిక పోటీల నోటీసు అంటించే రోజున దాని పక్కనే పాత జట్ల వివరాలు పంపమని పూర్వ విద్యార్థినులను కోరే నోటీసు కూడా అంటించాలని మేము కోరుతున్నాం.