ల్యాంప్ షేడ్ మీద పూలు అతికించే ముందు బల్బు వేసి చూడండి

స్నేహితులంతా ఒకచోట చేరి సాదా ల్యాంప్ షేడ్లకు రంగులు వేసుకోవడం, లేసులు కుట్టుకోవడం, పూసలు అతికించుకోవడం నాకు చాలా ఇష్టం. ఎవరు పిలిచినా వెళ్తాను. కానీ వెళ్లిన ప్రతిసారీ ఒకే విషయం నన్ను విసిగిస్తోంది. ఇక మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. టేబుల్ నిండా బ్రష్‌లు, రంగుల డబ్బాలు, రిబ్బన్లు, గ్లూ గన్‌లు ఉంటాయి. ల్యాంప్ మాత్రం ఉండదు. అంతమంది ల్యాంప్ షేడ్లు చేస్తుంటే అక్కడ ఒక్క బల్బు కూడా వెలగదు!

గోడకు తగిలించే బొమ్మ మీద వెలుతురు ముందు నుంచి పడుతుంది. షేడ్‌కి లోపలి నుంచి వస్తుంది. ఈ ఒక్క తేడాతో మన లెక్కలన్నీ తిరగబడతాయి. పగలు మెరిసింది రాత్రి నల్లబడుతుంది, పగలు కంటికి ఆననిది రాత్రి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా మనం షేడ్‌ని కాన్వాస్‌లా ఒళ్లో పెట్టుకుని, ట్యూబ్ లైటు కింద కూర్చుని, పైపైన ముస్తాబు చేసి, ఫోటో తీసి పెట్టేస్తాం. లైకులు వస్తాయి. అదే షేడ్ ఆ రాత్రి ఇంట్లో వెలిగాక ఎలా ఉందో ఎవరూ ఫోటో పెట్టరు, గమనించారా? పైన పటారం, లోన లొటారం.

మొదట గ్లిటర్ సంగతి. దీని మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది. మెరుపు పొడి ఒక్కో రేణువూ తన మీద పడ్డ వెలుతురుని వెనక్కి కొట్టబట్టే మెరుస్తుంది. లోపలి నుంచి వచ్చే వెలుతురుకి అది అడ్డం మాత్రమే. అంటే బల్బు వేయగానే మీ బంగారు చుక్కలన్నీ నల్ల మచ్చలైపోతాయి. షేడ్‌కి దోమలు అంటుకున్నట్టు ఉంటుంది. పైగా ఆ పొడి నెలల తరబడి ఇల్లంతా దొరుకుతూనే ఉంటుంది, అది వేరే గొడవ.

ఆక్రిలిక్ రంగుదీ దాదాపు ఇదే కథ. మందంగా పూస్తే ఎరుపైనా పసుపైనా వెలిగించాక కనిపించేది నీడే. ఆ రంగులో వెలుతురు దూరదు. నీళ్లు కలిపి పలచగా వేస్తే, లేదా బట్ట మీద వేసే పారదర్శకమైన రంగులు వాడితే అప్పుడు షేడ్ నిజంగా ఆ రంగులో వెలుగుతుంది. నీడే కావాలంటే అదీ మంచి ఆలోచనే. నల్లటి కాగితంతో కొమ్మలు కత్తిరించి షేడ్ లోపలి వైపు అతికించండి. పగలు బయటికి దాదాపు ఏమీ తెలియదు, స్విచ్ వేయగానే చెట్టు కనిపిస్తుంది. నన్నడిగితే గ్లిటర్ డబ్బా మొత్తం కంటే ఈ ఒక్కటీ ఎక్కువ.

ఇక జిగురు. "ఏంటే, ఈ మరకలు ఎక్కడివి? మధ్యాహ్నం లేవుగా!" అని ఫోన్ చేస్తారు. ఉన్నాయమ్మా, మధ్యాహ్నం కూడా ఉన్నాయి, నువ్వు బల్బు వేయలేదంతే. జిగురు ఎక్కువ తక్కువలుగా పూసిన చోటల్లా వెలుతురు మచ్చలు మచ్చలుగా వస్తుంది. పెన్సిల్ గీతలు, కాగితం ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచులు, లోపల వేసిన టేపు, అన్నీ బయటపడతాయి. లేసు అంచు అతికించేటప్పుడు షేడ్ పై రింగు, కింది రింగు ఉన్న చోటే జిగురు ఉండేలా చూసుకుంటే చాలావరకు గొడవ తప్పుతుంది. అక్కడ ఎలాగూ మడత ఉంటుంది కాబట్టి వెలుతురు పెద్దగా రాదు. ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టి వదిలేయండి, పదే పదే లాగి చూడకండి.

రంగులు ఎంచుకునేటప్పుడు కూడా బల్బుని అడగాలి. ఇళ్లల్లో వాడే పసుపుపచ్చటి వార్మ్ వైట్ బల్బు సుమారు 2700 కెల్విన్ ఉంటుంది (కెల్విన్ అంటే ఇక్కడ వెలుతురు రంగుకి కొలత, వేడికి కాదు; అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపు, నీలం పెరుగుతాయి). దాని వెలుతురులో నీలం తక్కువ. అందుకే మీరు ముచ్చటపడి వేసిన లేత నీలం రాత్రికి బూడిద రంగులోకి దిగుతుంది. ఎరుపు, నారింజ, పసుపు మాత్రం బాగా పండుతాయి. 6500 కెల్విన్ తెల్ల బల్బు పెడితే నీలం నిలబడుతుంది, కానీ పడక పక్కన అంత తెల్ల వెలుతురు నాకైతే నచ్చదు. ఎవరి ఇంట్లో ఏ బల్బు ఉందో కనుక్కుని రంగు ముట్టుకుంటే పోలా?

వేడి గురించి ఒక మాట, ఇది మాత్రం వెటకారం కాదు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగా వదిలేస్తుంది, దాని గాజు మీద చెయ్యి పెట్టలేం. దాదాపు అంతే వెలుతురు 8, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది, వేడి చాలా తక్కువ. ఎండుటాకులు, టిష్యూ కాగితం, దూది లాంటివి అతికించిన షేడ్‌కి ఎల్‌ఈడీ తప్ప ఇంకోటి పెట్టకండి. ల్యాంప్ మీద ఎన్ని వాట్లు దాటకూడదో రాసి ఉంటుంది, అది చూడండి. గ్లూ గన్ జిగురు కూడా వేడికి కరిగి అతుక్కునేదే, మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. పూసలు రాలిపోతున్నాయని గ్లూ గన్‌ని తిట్టే ముందు లోపల ఏ బల్బు ఉందో చూసుకోవాలి.

"సరదాకి చేసుకునేదానికి ఇంత టెన్షన్ ఎందుకు" అని నన్ను దెప్పేవాళ్లున్నారు. సరే, సరదాకే. కానీ వెలుతురు చూస్తూ చేయడంలోనే అసలు సరదా ఉంది కదా! న్యూయార్క్‌లో టిఫనీ స్టూడియోస్ గాజు ల్యాంప్‌లు ప్రపంచమంతా తెలుసు. వాటిలో తూనీగల షేడ్‌తో సహా ఎన్నో డిజైన్లు క్లారా డ్రిస్కాల్ అనే ఆవిడవి. ఆవిడ కింద ఒక విభాగం నిండా ఆడవాళ్లే గాజు ఎంచి, కత్తిరించేవాళ్లు. ఆవిడ రాసిన ఉత్తరాలు బయటపడి, 2007లో ఆ నగరంలోనే ప్రదర్శన పెట్టేదాకా ఆ పేరు బయట పెద్దగా తెలియలేదు. ఆ పనిలో గాజు ముక్కని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడకుండా ఎంచడమే కుదరదు. బల్ల మీద పడి ఉన్న గాజుకి అసలు రంగేంటో తెలియదు మరి. మనం వాడేది గాజు కాదు, బట్టా కాగితమే. కానీ సూత్రం అదే.

ఇందుకు ఖర్చేం లేదు. టేబుల్ మధ్యలో ఎల్‌ఈడీ బల్బు పెట్టిన ఒక ల్యాంప్ ఉంచండి. ఒక్కొక్కరూ వంతుల వారీగా తమ షేడ్ తెచ్చి దాని మీద పెట్టి చూసుకుంటారు. తడి షేడ్ మాత్రం పెట్టకండి, ఆరనివ్వండి. ల్యాంప్ లేకపోతే ఫోన్ టార్చ్ వేసి షేడ్ లోపల పెట్టినా సగం సంగతి తెలిసిపోతుంది. గదిలో లైట్లు కాసేపు ఆర్పండి. అప్పుడు చూడాలి, పక్కవాళ్ల షేడ్ మీద అందరూ ఎలా ఎగబడతారో! "ఆ మూల ఖాళీగా వదిలెయ్యవే, బాగుంది" అనే సలహా ఆ చీకట్లోనే పుడుతుంది. వెలుగులో కూర్చున్నంతసేపూ అందరూ ఇంకో పువ్వు పెట్టమనే చెప్తారు.

కొత్తవాళ్లకి నా ఓటు సూదికే. కాగితం షేడ్‌కి కింద మందపాటి అట్ట పెట్టుకుని, లావు సూదితో చుక్కలు పొడుచుకుంటూ పోవడమే. మరీ దగ్గర దగ్గరగా పొడిస్తే చిరుగుతుంది, కాస్త ఎడం ఇవ్వాలి. రంగు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, కబుర్లు చెప్పుకుంటూ చేయొచ్చు.

కొత్త బట్ట చుట్టాలనుకునేవాళ్లు డ్రమ్ము ఆకారం షేడ్ తీసుకోండి. అడ్డకొలతని 3.14తో హెచ్చిస్తే పొడవు వచ్చేస్తుంది. 30 సెంటీమీటర్ల షేడ్‌కి 94, అతుక్కి ఇంకో రెండు. పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే షేడ్‌కి ఈ లెక్క పనికిరాదు. దాన్ని పెద్ద కాగితం మీద దొర్లిస్తూ అంచుల వెంట గీసుకోవాలి, వంపు తిరిగిన ముక్క వస్తుంది. చారల బట్ట దాని మీద ఎలా వేసినా వంకరగానే పోతుంది. దయచేసి ప్రయత్నించి నాకు ఫోన్ చేయకండి.

ఈసారి నన్ను పిలిచేవాళ్లు రంగులు, లేసులు ఏం తెచ్చుకుంటారో మీ ఇష్టం. ఎక్స్‌టెన్షన్ బోర్డు, ల్యాంప్ మాత్రం ముందే పెట్టి ఉంచండి. గ్లిటర్ డబ్బా కనిపిస్తే గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతాను, తర్వాత అలిగానని అనొద్దు.