రుద్రమకు దండ, సర్పంచికి చివరి కుర్చీ

మహిళా దినోత్సవం దగ్గర పడిందంటే కాకతీయ రుద్రమదేవికి మళ్లీ డ్యూటీ పడుతుంది. ఫ్లెక్సీలో గుర్రమెక్కి కత్తి దూసిన ఆమె బొమ్మకు దండ వేయడానికి ముందుకొచ్చేది మహిళా సర్పంచి కాదు, సర్పంచి గారి భర్త.

గణపతిదేవుడు కూతురిని కొడుకులా పెంచిన వైనంతో మొదలైన ఆయన ఉపన్యాసం, ఆమె వేసిన మగవేషం దగ్గరికొచ్చి అరగంటసేపు అక్కడే తిష్ఠ వేస్తుంది. ఈలోగా సర్పంచి గారు చివరి కుర్చీలో కూర్చుని, ముగ్గుల పోటీకి తెచ్చిన స్టీలు గిన్నెలు సరిపోతాయో లేదో లెక్క చూసుకుంటుంటారు. ఎవరో తెలియనివాడు మైకు ఆమెకు అందించబోతే ఆయన నడుమనే అందుకుని, ఆమె తరఫున మహిళలందరికీ శుభాకాంక్షలు చెప్పి, ఆమె తరఫున శాలువా కప్పించుకుని, ఆమె తరఫున ఫొటోకు నవ్వుతారు. ముగ్గులకు న్యాయనిర్ణేత కూడా ఆయనే.

ఇంత సులువైన పద్ధతి కాకతీయులకు తట్టకపోవడం విచారకరం. 1262 ప్రాంతంలో రుద్రమ పాలన చేపట్టినప్పుడు, నిడదవోలు చాళుక్య వంశీయుడైన భర్త వీరభద్రుడికి ‘మహారాజు గారి భర్త’ హోదాలో కొలువు తీరవచ్చన్న లోకజ్ఞానం లేకపోయింది కాబోలు, రాచకార్యాల్లో ఆయన జాడ పెద్దగా కనిపించదు. శాసనాలు రుద్రదేవ మహారాజన్నది ఆమెనే. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే తిప్పికొట్టింది ఆమే. బీదరు కోటలో దొరికిన శాసనంలో ‘రాయగజకేసరి’, అంటే రాజులనే ఏనుగులకు సింహం, అన్న బిరుదూ ఆమెదే. ఓరుగల్లు స్వయంభూ ఆలయానికి చెందిన శిల్పంలో సింహం మీద కత్తి, డాలు పట్టి కూర్చున్న స్త్రీమూర్తి ఆమేనంటారు. ఉపన్యాసకుల దురదృష్టం, శిల్పి మీసం చెక్కలేదు.

సామంతుడైన కాయస్థ అంబదేవుడు తిరగబడితే వయసు మళ్లిన ఆ తల్లి యుద్ధంలోనే ప్రాణం విడిచిందని చరిత్రకారులు భావిస్తారు. ఆమెకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి భూమి దానమిచ్చిన సంగతి నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నాటి శాసనం నేటికీ చెబుతోంది. అలాంటి మనిషి పేరెత్తడానికి మీకు నోరెలా వస్తుంది? ఊరంతా ఓట్లేసి గెలిపించిన ఆడమనిషి చేత తీర్మానాల పుస్తకంలో వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం చేయించి, చదవబోతే పుస్తకం మూసేసే మీకు రుద్రమతో ఏం పని? దండలూ వద్దు, ఉపన్యాసాలూ వద్దు. గ్రామసభలో మీరు కూర్చున్న కుర్చీ ఆమెది; ముందు అందులోంచి లేవండి.