నిలిచిన కారుకే పరీక్ష ఎక్కువ అవసరం

చెన్నైలో పాత కార్లున్న తెలుగువారి మధ్య ఈ నెలంతా ఒక సందేశం తిరుగుతోంది. "ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటిన కార్లకు పరీక్ష ఎత్తేశారు. మన దగ్గర ఏటా వేధిస్తున్నారు. తనిఖీ చేసేవారికి పాత కార్ల సంగతే తెలియదు. మనం వీటిని కన్నబిడ్డల్లా చూసుకుంటాం, తిప్పేదీ తక్కువే. క్లాసిక్ కార్లకు ఏ తనిఖీ ఉండకూడదు" అని దాని సారాంశం. మా నాన్నగారు 1968లో కొన్న స్టాండర్డ్ హెరాల్డును నేను ఇప్పటికీ నడుపుతున్నాను. ఆ బండి మీద ప్రేమతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ఏటా వేధింపు అన్నది నిజం కాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, తనిఖీ అప్పుడే. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ కింద నమోదు చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ పనులకు మాత్రం తిప్పకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్టు అంటారా, అది పొగను చూస్తుంది, బ్రేకును చూడదు.

బ్రిటన్‌లో 2018 మే నుంచి మినహాయింపు ఉన్నమాట వాస్తవం. అయితే గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేసిన బండికి అది వర్తించదు. మినహాయింపు ఉన్నా, ప్రమాదకరమైన స్థితిలో బండిని రోడ్డెక్కిస్తే అక్కడ నేరమే. సందేశం రాసినవారు ఈ సగాన్ని వదిలేశారు.

తక్కువ తిప్పుతామన్న వాదనే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కదలని కారు లోలోపల చెడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మనదేమో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. చక్రాల దగ్గర బ్రేకును నొక్కే సిలిండర్లు లోపల తుప్పు పడతాయి, వాటిలో ఆయిలును ఆపే రబ్బరు కప్పులు చెడి ఆయిలు కారుతుంది. ఇప్పటి కార్లలో బ్రేకుకు రెండు వేర్వేరు ఆయిలు మార్గాలుంటాయి. హెరాల్డులో ఉన్నది ఒక్కటే, ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. టైర్లు అరగకపోయినా పక్కలు పగులుతాయి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. వేడెక్కిన ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పాలా? హెరాల్డు ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే భాగం ఉంటుంది. దానికి గేరు ఆయిలు పోయాలి. గ్రీజు కొట్టి వదిలేస్తే నీరు చేరి, లోపలి ఉక్కు కాడ తుప్పు పట్టి విరుగుతుంది, చక్రం పక్కకు ఒరిగిపోతుంది. విరిగే రోజు దాకా బయటికి ఏమీ కనిపించదు.

కన్నబిడ్డలా నేనూ చూసుకున్నాను. నాలుగేళ్ల కిందట కోడంబాకం వంతెన దిగుతుంటే బ్రేకు పెడలు నేలకు తగిలింది. ముందు ఆటో నిండా బడిపిల్లలు. హ్యాండ్ బ్రేకుకు తీగ వేరుగా ఉంటుంది కాబట్టి బండి ఆగింది. ఆ వారమే పాలిష్ పట్టించాను, అద్దంలా మెరుస్తోంది. వెనక ఎడమ సిలిండరు కారుతున్న సంగతి నా ప్రేమకు తెలియలేదు.

తనిఖీ చేసేవారికి పాత కార్లు తెలియవన్న ఫిర్యాదులో మాత్రం న్యాయం ఉంది. సీటు బెల్టు లేకుండా తయారైన కారులో సీటు బెల్టు ఏదని అడగడం అన్యాయమే. అందుకు మందు పరీక్ష ఎత్తేయడం కాదు, ఆ కాలపు కార్లు విప్పి బిగించిన మెకానిక్కును పరీక్షలో కూర్చోబెట్టడం. బ్రేకు, స్టీరింగు, టైర్లు, చాసిస్ (అడుగు చట్రం) తుప్పు, పెట్రోలు గొట్టాలు: ఈ ఐదూ ఏటా చూస్తే చాలు. ఒక్క పూట పని. మనం అడగవలసింది ఇది.

అది వచ్చేదాకా నేను ప్రతి డిసెంబరులో బండిని పుదుపేట మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్లి, నాలుగు బ్రేకు డ్రమ్ములూ విప్పిస్తున్నాను. పోయిన డిసెంబరులో అదే వెనక ఎడమ సిలిండరు మళ్లీ చెమ్మగిల్లి కనిపించింది. అందులో రబ్బరు కప్పు వేయించి అప్పటికి పద్నాలుగు నెలలే అయింది.